కాలువ కట్టేసిన వారం: ఒక థ్రిల్లర్ ఓపెనింగ్, రెండు వెర్షన్లు

అమలాపురం దగ్గర మాదో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు చేస్తుంటాం. మూఢం వచ్చిందంటే కెమెరాలకీ నాకూ సెలవే. ఆ ఖాళీలో డిగ్రీ పిల్లలకి షూటింగు, ఎడిటింగు నేర్పిస్తుంటాను. అలా వచ్చిన అయిదుగురి పని ఇది. డైరెక్టర్‌నంటూ ముందుకొచ్చిన బీకాం కుర్రాడు, కెమెరా పట్టేవాడు, సౌండు చూసుకునే అమ్మాయి, ఎడిటింగు చేసే అమ్మాయి, టిఫిన్ల దగ్గర్నుంచి ట్రైపాడ్ దాకా మోసే ఇంకొకడు. కాలేజీ పోటీకి థ్రిల్లర్ ఓపెనింగ్ తీయాలి. సినిమా అంతా అక్కర్లేదు, మొదటి రెండు నిమిషాలు చాలు. అది చూసినవాళ్ల మీద ఎలా పనిచేసిందో రిపోర్టు కూడా రాసివ్వాలి. సలహా చెప్పి ఊరుకుందామనుకున్నాను గానీ చివరికి మోకాలి లోతు బురదలోకి ముందు దిగింది నేనే.

మొదటి వెర్షన్ మార్చిలో తీశారు. కొబ్బరి తోటలో రాత్రిపూట ఒంటరిగా నడిచే అమ్మాయి. వెనక మాస్కు వేసుకున్నవాడు. చేతిలో రబ్బరు కత్తి. ఎండుమట్ట మీద కాలు పడిన చప్పుడు, అమ్మాయి పరుగు, కెమెరా ఊగిపోవడం, చివర్లో చెట్టు మొదట్లో ఎర్రరంగు. నిడివి రెండు నిమిషాలు, షాట్లు 61. అంటే సగటున ఒక్కో షాటు రెండు సెకన్లు కూడా లేదు. ఖర్చు 5,100 రూపాయలు: లైట్ల అద్దె 1,800, మాస్కూ కత్తీ రంగూ కలిపి 750, భోజనాలు 1,900, పెట్రోలు 650. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, అన్నిటికంటే ఎక్కువ ఖర్చు బిర్యానీకే అయింది. రాత్రి షూటింగ్ అంటే ఆకలి మామూలుగా ఉండదు.

దాన్ని కాలేజీలో చూపిస్తే ఈలలు. "సూపర్ మామా", "లాస్ట్ షాట్ కేక". పిల్లలు పొంగిపోయారు. నాకు మాత్రం నమ్మకం కుదర్లేదు. అక్కడ చూసినవాళ్లంతా తీసినవాళ్ల స్నేహితులే. పెళ్లివీడియో చూసి పెళ్లికూతురు మేనత్త "బాగుంది బాబూ" అనడమూ ఇదీ ఒకటే. బాగుందా అని అడిగితే మన దగ్గర ఎవరూ బాగోలేదనరు.

అందుకని వీళ్లెవరో తెలియని పన్నెండుమందికి స్టూడియోలో చూపించాం. ఫొటోలు తీయించుకోడానికి వచ్చినవాళ్లు, పక్కనున్న జిరాక్స్ షాపు కుర్రాడు, ఆర్‌ఎంపీ డాక్టరు గారు. నచ్చిందా అని అడగలేదు. మూడు చోట్ల వీడియో ఆపి, ఆపిన ప్రతిసారీ ఒక కాగితం ముక్క ఇచ్చాం. ఒకటే ప్రశ్న: ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నారు?

మొదటి ఆపుకే తొమ్మిదిమంది "అమ్మాయిని చంపేస్తాడు" అని రాసేశారు. రెండో ఆపులోనూ అదే, మూడో ఆపులోనూ అదే. నూట ఇరవై సెకన్లపాటు చూసేవాడి తలలో ఒక్క కొత్త ఆలోచనా పుట్టలేదన్నమాట. మాస్కు కనబడగానే నలుగురు నవ్వారు. డాక్టరు గారు రాసింది ఇంకా దాచుకున్నాను: "అమ్మాయి చెప్పులు వదిలేసి పరుగెడితే మంచిది."

బల్ల కింద బాంబు గురించి థ్రిల్లర్ల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన సంగతి మా డైరెక్టర్‌కి నోటికి వచ్చు. బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి తెలియకపోతే ఉత్కంఠ. ఎవరికీ తెలియకుండా పేలితే ఒక్క క్షణం ఉలికిపాటు. అంత బాగా చెప్పేవాడు తీసింది మాత్రం అరవై ఒక్క ఉలికిపాట్లు. తోటలో ఆ అమ్మాయికి తెలిసిందే మాకూ తెలుసు, అంతకు మించి ఏమీ లేదు.

టెక్నికల్ తప్పు ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది ఫోన్లతో తీసేవాళ్లకి ఇది తగులుతుంది. వీధిదీపం కింద తీసిన షాట్లన్నిటిలో నల్లటి చారలు పైనుంచి కిందకి పాకుతున్నాయి. కెమెరా కుర్రాడు ఫోను పాడైందనుకున్నాడు. మన కరెంటు 50 సైకిళ్లది, ఆ లైటు సెకనుకి వందసార్లు కొట్టుకుంటుంది, కంటికి తెలియదు. ఫోను సెకనుకి 30 ఫ్రేముల మీద, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే సమయం) సెకనులో 60వ వంతు మీద ఉంది. అలా పెడితే ఒక్కో ఫ్రేములో లైటు ఒకటిన్నర సార్లకి పైన, రెండుసార్లకి లోపల కొట్టుకుని, ప్రతి ఫ్రేమూ వెలుగులో తేడాగా వస్తుంది. షట్టర్ 50వ వంతుకి, ఫ్రేములు 25కి మార్చాం, చారలు పోయాయి. దీనికి ఖర్చేమీ లేదు, మాన్యువల్‌గా పెట్టుకోనిచ్చే కెమెరా యాప్ ఉంటే చాలు.

సరే, రెండో వెర్షన్. కథ ఎలా దొరికిందంటే, ఏప్రిల్ నెలాఖర్లో మళ్లీ తోటలోనే తీద్దామని బయల్దేరాం. దారిలో కాలువ వంతెన మీద ఆగాం. దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోయాయి, ఊళ్లో ఆటోకి మైకు కట్టుకుని తిరుగుతున్నారు: ఎల్లుండి నుంచి కాలువ కట్టేస్తున్నారు, నీళ్లు జాగ్రత్తగా వాడుకోండి అని. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులు దించేస్తే ఇక్కడ మా శివారు కాలువల్లో నీరు రోజురోజుకీ దిగిపోతుంది. మళ్లీ జూన్ వచ్చేదాకా ఆ బురదా, గుంటల్లో మిగిలిన నీళ్లూ, పిల్లల చేపల వేటా. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ల మీద బతికే మాకు కాలువ కట్టేయడమంటే క్యాలెండర్లో పండగలాగా ప్రతి ఏడూ వచ్చేదే. అంత అలవాటైన విషయం కాబట్టే అందులో కథ ఉందని ఎవరికీ తట్టలేదు.

సామాన్లు మోసే కుర్రాడన్నాడు, "మాస్టారూ, పోయినేడు కట్టేసినప్పుడు మా ఊరి దగ్గర రెండు సైకిళ్లూ ఒక గ్యాస్ సిలిండరూ బయటపడ్డాయండి." ఎడిటింగు అమ్మాయి వెంటనే అంది, "పడేసినవాడికి ఆ వారం ఎలా ఉంటుందో?"

అంతే. కథ అదే. ఒకతను కాలువలో ఏదో పడేశాడు. కాలువ కట్టేస్తున్నారు. నీరు దిగుతోంది. తరిమేవాడు లేడు, కత్తి లేదు. రోజుకి కాస్త చొప్పున నీళ్లే అతన్ని తరుముతాయి.

తీసిన పద్ధతి కాస్త వివరంగా చెబుతాను. లాకు (కాలువకి తలుపులుండే కట్టడం) గోడ మీద తెల్లరంగు పూసి నల్ల అంకెలతో నీటిమట్టం చూపే స్కేలు ఉంటుంది. అదే మా గడియారం. ఒకే చోటు నుంచి, ఒకే ఫ్రేములో, వారంపాటు రోజూ సాయంత్రం ఆ స్కేలు తీయాలి. ట్రైపాడ్ మూడు కాళ్ల చోట్లా గట్టు మీద సున్నంతో గుర్తులు పెట్టాం. మూడోరోజు వెళ్లేసరికి ఆ గుర్తుల మీద గేదె పడుకుని ఉంది. లేపుతుంటే దాని యజమానురాలు వచ్చి మమ్మల్ని లేపింది. నాలుగోరోజుకి సున్నం కడిగేసి ఉంటే ఫోన్లో ముందురోజు షాటు తెరిచి, స్కేలు అంచు ఫ్రేము అంచుకి ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ సర్దుకున్నాం. కాస్త తేడా వచ్చింది. ఎడిటింగులో రెండు శాతం జూమ్ చేసి కప్పేశాం.

లాకు దగ్గరుండే లస్కరు గారికి ముందే చెప్పాం. "ఆయ్, తీసుకోండి గానండీ, చీకటడ్డాక లాకు మీదికి మాత్రం ఎక్కకండి. జారారంటే మీకు సినిమా, నాకు సంజాయిషీ" అన్నారు. అందుకే రాత్రి సీన్లన్నీ సందెవేళే తీశాం. ఆ రోజుల్లో మా దగ్గర సూర్యుడు ఆరున్నరకి కాస్త ముందే దిగిపోతాడు. దిగిన తర్వాత ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆకాశం నీలంగా ఉండి నీటి మీద మెరుపు మిగిలి ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ (బొమ్మ ఎంత నీలంగా రావాలో చెప్పే సెట్టింగు) 3,800 కెల్విన్ దగ్గర కట్టేసి, ఎక్స్‌పోజరు ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గిస్తే అది రాత్రిలాగే కనిపిస్తుంది, కొబ్బరాకుల అంచులు కూడా తెలుస్తాయి. అద్దె లైట్లు అవసరం పడలేదు. కాకపోతే రోజుకి ఆ ఇరవై నిమిషాలే. కాబట్టి రిహార్సల్ అయిదింటికే మొదలయ్యేది.

హీరో అనాలో విలన్ అనాలో, ఆ పాత్ర డైరెక్టర్ బాబాయ్ వేశారు. కొబ్బరి వ్యాపారి, పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టిన మనిషి. మొదటిరోజు ఆయన నీళ్లవైపు చూస్తే దుర్యోధనుడు మయసభలో చూసినట్టుంది. భయం, పశ్చాత్తాపం, కోపం మూడూ ఒకేసారి ముఖం మీద. "తగ్గించండి బాబాయ్" అంటే తగ్గించడం కూడా అభినయించేవారు. రెండోరోజు డైరెక్టర్ తెలివిగా ఒక పని చెప్పాడు: "బాబాయ్, ఏమీ చెయ్యకండి. స్కేలు మీద అంకెలు కింద నుంచి పైకి లెక్కపెట్టండి, మనసులో. నాచు పట్టి కనబడకపోతే మళ్లీ మొదట్నుంచి." ఆ లెక్కపెట్టే ముఖమే సినిమాలో ఉంది. దాని పక్కన తగ్గిన నీరు అతికిస్తే అది భయమైంది. ఒకే ముఖం పక్కన వేర్వేరు దృశ్యాలు పెడితే చూసేవాడే భావం నింపుకుంటాడని రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు చూపించాడని నేను క్లాసులో చెబితే వీళ్లు ఆవలించారు. ఇప్పుడు నోటుపుస్తకం తీశారు.

ఆయన చేసే పని ఒకటే: వెదురుగడతో గుర్రపుడెక్కని ఒక చోటుకి నెడుతుంటాడు. మొదటి సాయంత్రం అదేదో కాలువ శుభ్రం చేస్తున్నట్టుంటుంది. రెండో సాయంత్రం కూడా అదే చోటుకి నెడతాడు. మూడో సాయంత్రానికి నీరు దిగిపోయి డెక్క బురదకి అంటుకుంటుంది, గడతో కదపలేడు. ఇంకోవైపు నుంచి చేపలు పట్టే పిల్లలు రోజుకి కాస్త దగ్గరకొస్తుంటారు. ఉన్న ఒక్క డైలాగూ ఆ పిల్లలతోనే: "అటెళ్లకండ్రా, పాములున్నాయక్కడ." మామూలుగా ఎవరైనా అనే మాటే. చివరి షాట్లో ఎండుతున్న డెక్క మధ్య మోపెడ్ హ్యాండిల్ రబ్బరు గ్రిప్పు, దాని పక్కన అద్దం, అద్దంలో ఆకాశం. టైటిల్: 'నీటిమట్టం'. మొత్తం 1 నిమిషం 52 సెకన్లు, 17 షాట్లు.

ఆ హ్యాండిలూ సగం చాసిసూ పాత ఇనుప కొట్టులో 300 అద్దెకి తెచ్చాం. తాళ్లు, సున్నం, బ్యాటరీలు 220, టిఫిన్లు 640, పెట్రోలు 380, మైకు ఆటో కుర్రాడికి 200. రెండో వెర్షన్ మొత్తం 1,740. ఇందులో ఒక టీటీ ఇంజక్షన్ కలపలేదు, డాక్టరు గారు డబ్బు తీసుకోలేదు. కెమెరా కుర్రాడు చెప్పుల్లేకుండా బురదలోకి దిగి సీసాపెంకు మీద కాలేశాడు. తప్పు నాదే. నేను ముందు దిగి కర్రతో తడిమి చూశాను గానీ హ్యాండిల్ పాతే చోటే చూశాను, వాడు నిలబడే చోటు చూడలేదు. కాలువ అడుగున ఊరంతా పారేసిన సీసాలుంటాయి. దిగేవాళ్లు పాత బూట్లు వేసుకుని దిగండి, పోతే పోతాయి.

ఇక సౌండు. మొదటి వెర్షన్లో లైవ్ సౌండు వాడలేకపోయాం, ఎందుకంటే తోట వెనకే రొయ్యల చెరువులు, రాత్రంతా ఏరేటర్ల (చెరువు నీళ్లకి గాలి అందించే మోటార్లు) రొద. దాని బదులు ఇంటర్నెట్టులో దొరికిన గుండెచప్పుడు పెట్టారు. రెండోసారి కూడా అదే గొడవ. నేను మైకుకి ఇంకో బొచ్చుకవరు కొనాలని ఆలోచిస్తుంటే, సౌండు చూసే అమ్మాయి అంది, "మాస్టారూ, ఆ చప్పుడు వస్తున్నంతసేపూ మా ఇంట్లో అందరూ నిద్రపోతారండి. ఆగితేనే లేస్తారు." వాళ్ల నాన్నగారిది చెరువు. ఏరేటర్లు ఆగాయంటే కరెంటు పోయినట్టు. జనరేటరు వెయ్యకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతుంది. అర్ధరాత్రి నిశ్శబ్దానికి గుండె ఆగే ఇల్లు అది.

కాబట్టి ఏరేటర్ల రొదనే మొదటి ఫ్రేము నుంచి కిందన పరిచాం. సంగీతం లేదు. నూట రెండు సెకన్లపాటు అది వినబడి వినబడి చెవి దాన్ని మర్చిపోతుంది. హ్యాండిల్ కనబడిన ఫ్రేములో ఒక్కసారిగా ఆపేశాం. పది సెకన్లు కప్పలు కూడా లేవు, బురదలో బుడగ పగిలిన చప్పుడు మాత్రం. ఆ బుడగ స్టూడియోలో గంజిగిన్నెలో స్ట్రాతో ఊది రికార్డు చేశాం.

టైటిల్ దగ్గర మా ఎడిటింగు సాఫ్ట్‌వేర్ ఒక పూట తినేసింది. 'మట్టం'లో టకి ఒత్తు విడిపోయి పక్కకి పోతోంది. తెలుగు టైటిళ్లతో పనిచేసేవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. ఫొటో డిజైన్ చేసే ప్రోగ్రాములో అక్షరాలు రాసి, బ్యాక్‌గ్రౌండు లేని బొమ్మగా దింపి అతికించాం. గొడవ వదిలింది.

మూల్యాంకనం మళ్లీ అదే పద్ధతిలో, మూడు ఆపులు, ఒకే ప్రశ్న. ఈసారి పద్నాలుగుమంది: మా చుట్టుపక్కల వాళ్లు ఎనిమిదిమంది, హైదరాబాద్, విశాఖ నుంచి సెలవులకి వచ్చిన చుట్టాలు ఆరుగురు. ఈ విడదీయడం యాదృచ్ఛికంగా జరిగింది గానీ మాకు అసలు విషయం దానివల్లే తెలిసింది. రెండో ఆపు హ్యాండిల్ కనబడక ముందు ఉంటుంది. అక్కడ మావాళ్లలో ఏడుగురు "కాలువలో ఏదో దాచాడు, బయటపడిపోతుంది" అని ఏదో ఒక రూపంలో రాశారు. బయటివాళ్లలో ఒక్కరే రాశారు. మిగతా అయిదుగురిలో ముగ్గురికి నీరు ఎందుకు తగ్గుతోందో అర్థం కాలేదు. ఒకాయన "ఎండాకాలం కాబట్టి ఎండిపోతోందా?" అని రాశాడు. ఒకమ్మాయి "కాలువ శుభ్రం చేసే మంచివాడు, అతనికేదో అవుతుంది" అని రాసింది. గడియారం మాకు వినిపిస్తోంది, వాళ్లకి గడియారమే కనబడలేదు.

అప్పుడు మైకు ఆటో ప్రకటన పెట్టాం. ఊళ్లో అసలు ప్రకటన చెప్పిన కుర్రాడినే పిలిచి, స్టూడియో బయట ఆటోలోంచే చెప్పించి, దూరం నుంచి రికార్డు చేశాం. పదకొండు సెకన్లు. ఇంకో ఆరుగురు బయటివాళ్లకి చూపిస్తే నలుగురు పట్టుకున్నారు. ఇక్కడివాళ్లకి చూపిస్తే మా పక్క జిరాక్స్ కుర్రాడు మొహం పెట్టాడు: "మైకులో చెప్పాలా అన్నా, నీళ్లు తగ్గుతుంటే తెలీదా?" చివరికి పదకొండు సెకన్లని నాలుగుకి కోశాం. "ఎల్లుండి నుంచి కాలువ కట్టేస్తున్నారు" వరకే, అదీ ఆటో మలుపు తిరిగిపోతుంటే సగం గాలికి పోయినట్టు. ఇది ఇటు మావాళ్లకీ అటు బయటివాళ్లకీ పూర్తిగా నచ్చలేదు, ఇద్దరూ భరించారు. పిల్లలు రిపోర్టులో ఇదే రాస్తామంటే, అలాగే రాయమన్నాను.

ఏరేటర్లు ఆగిన చోట ముఖాలు వేరే ఫోనుతో తీసి ఉంచాం, ముందే అడిగే. పద్నాలుగుమందిలో పదకొండుమంది ఆ క్షణంలో కదిలారు: వెనక్కి వాలడం, తల తిప్పడం. ఎందుకు కదిలారని అడిగితే హ్యాండిల్ చూసి అన్నారు. చెరువులున్న ఇంటి నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం తెర వదిలేసి మా గోడ మీద స్విచ్‌బోర్డు వైపు చూసింది. "కరెంటు పోయిందనుకున్నానండి" అంది.

దొరికిన తప్పులు కూడా చెప్పాలి. కలర్ కరెక్షన్ మా చీకటి గదిలో మానిటర్ మీద చేసి మురిసిపోయాం. పగటివేళ బస్టాండులో ఫోన్లో చూస్తే వెదురుగడే కనబడలేదు. చూసేవాళ్లంతా ఫోన్లోనే చూస్తారు కాబట్టి నీడలు కాస్త పైకి లేపాం, నీలం కొంత పాడైంది. ఆరో షాటులో నీరు అయిదో షాటు కంటే ఎక్కువుంది, రోజులు తారుమారయ్యాయి. ఎవరూ పట్టుకోలేదు, లస్కరు గారు తప్ప.

వరసలో చెప్పాల్సిన సంగతి ఒకటి వెనక్కి పెట్టాను. హ్యాండిల్ పాతిన సాయంత్రం, మేము సందె వెలుతురు కోసం గట్టు మీద కూర్చుని ఉండగా, కాలువలో బండి బయటపడిందని ఊళ్లో పాకిపోయింది. పావుగంటలో ముప్పైమంది చేరారు. సినిమా అని చెప్పి నవ్వించి పంపేశాం. అంతా వెళ్లిపోయాక పక్కూరి నుంచి ఒక పెద్దాయన సైకిలు మీద వచ్చారు. దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, "బండి రంగేటండి బాబూ?" అనడిగారు. డైరెక్టర్ వెళ్లి, ఇది నిజం బండి కాదండీ, అద్దెకి తెచ్చిన ముక్క, సినిమా కోసం అన్నాడు. ఆయన హ్యాండిల్ వైపు కాసేపు చూశారు. "ఆయ్" అని సైకిలు తిప్పుకుని వెళ్లిపోయారు. ఎవరిది, ఏ బండి, ఎన్నాళ్లైంది, మేమెవరం అడగలేదు. ఆ రోజు సందె వెలుతురు అలాగే పోయింది, ఎవరూ కెమెరా ఆన్ చెయ్యలేదు.

ఇప్పుడు పూర్తి షార్ట్‌ఫిల్మ్ తీద్దామని కూర్చున్నారు. రెండో సీనులో ఒక ముసలాయన సైకిలు మీద వచ్చి ఆ మాటే అడగాలని డైరెక్టర్ అంటాడు. ఎడిటింగు అమ్మాయి వద్దంటే వద్దంటుంది, ఆయన చూస్తే అని. నన్నడిగారు, నేను ఇంకా ఏమీ చెప్పలేదు. జూన్‌లో కాలువకి నీళ్లొదిలేశారు. ఆ సీను తీయాలన్నా మళ్లీ ఏప్రిల్ దాకా ఆగాల్సిందే.